ఇందిర తొడుగులు, సరోజిని తీగ

ఈ డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో నాకు ముప్ఫైరెండు పళ్లూ ఉన్నాయి. ఒక్కటి కదలదు, ఒక్కటి పుచ్చదు. ఇవి పుచ్చాయని ఏ పళ్ల డాక్టరు గుమ్మమూ తొక్కి ఎరగను. ఒకసారి అంబాజీపేట కొట్లో ఎండి గట్టిపడ్డ కురిడీ కొబ్బరికాయను పంటితోనే రెండు చెక్కలు చేస్తే, లారీకి ఎత్తుతున్నవాళ్లంతా బస్తాలు దించేసి చప్పట్లు కొట్టారు. అంచేత పళ్ల మీద కథ చెప్పడానికి మా ఊళ్లో నన్ను మించినవాడు లేడు.

కథ మా వీధి సరోజినిది. రాజోలు దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. చర్చిలో పాట ఎత్తుకుందంటే బయట రోడ్డు మీద సైకిళ్లు ఆగేవి. మనిషి కళగా ఉంటుంది. దేవుడు అన్నీ కుదురుగా పెట్టి, ఆఖర్న పై పళ్లు పెట్టేటప్పుడు మాత్రం తొందరపడ్డాడు. అవి పెదవి దాటి వీధిలోకి తొంగిచూసేవి. వాన వస్తే నీ గడ్డం తడవదే అమ్మాయ్ అని నేనే ఏడిపించేవాణ్ణి. ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి ఊరుకునేది. చిన్నప్పట్నుంచీ ఉన్నవే కదా. ముక్కు ఉంది, చెవులు ఉన్నాయి, ఎత్తుపళ్లున్నాయి, అంతే.

ఆ అలవాటులో నిప్పులు పోసింది మరదలు ఇందిర.

ఇందిర అంటే సరోజిని తమ్ముడు సత్తిబాబు పెళ్లాం. రాజోలు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. ఆ పిల్ల పళ్ల వరస బాగానే ఉండేది గాని, ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలుండేవి. ఎనభైనాలుగులో, ఎండలు ముదరకముందే, సెలవు పెట్టి కాకినాడ వెళ్లింది. తిరిగొచ్చేసరికి పైన ఆరు పళ్లకీ పింగాణీ తొడుగులు! అప్పుడే కొట్టిన కొబ్బరి చెక్కలా తెల్లగా మెరిసిపోతున్నాయి.

"ఫోనులో మాట్లాడే ఉద్యోగానికి పళ్లెందుకే, ఎవరికి కనిపిస్తాయి?" అంది సరోజిని, చూసీ చూడగానే.

"నవ్వుతా మాట్లాడితే అవతలోళ్లకి తెలుస్తదంట వదినా," అని ఇందిర నవ్వింది.

అక్కణ్ణుంచి నవ్వుతూనే ఉంది. కరెంటు పోతే నవ్వింది. పాలు విరిగిపోయాయని చెప్పడానికొచ్చి నవ్వింది. చర్చిలో పాస్టరుగారు నరకాగ్ని గురించి చెబుతుంటే కూడా ఆడవాళ్ల వరసలో ఇందిర పళ్లు తళతళలాడుతూనే ఉన్నాయి. వెనక కూర్చున్న సరోజినికి ఆ నరకాగ్ని ఎక్కడో కాదు, తన పొట్టలోనే ఉన్నట్టనిపించింది.

ఈస్టరు రోజు పాటల బృందానికి ఫొటో తీశారు. ఫొటో స్టూడియో కొండబాబు అమలాపురం నుంచి వచ్చి, మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, లోపల్నుంచి కేక వేశాడు.

"సరోజినిగారూ, పెదాలు కాస్త కలపండమ్మా. ఇంకొంచెం. ఆయ్, అదీ. ఇందిరగారూ, మీరు నవ్వండమ్మా!"

అన్నవాడికి ఆ మాట గుర్తుండదు. సరోజినికి మాత్రం అది చెవిలోంచి గుండెలోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. ఆ ఫొటోలో ఆమె మొహం చూడాలి మీరు. ఆముదం తాగిన పిల్లలా ఉంటుంది. పక్కన ఇందిర పళ్లపొడి డబ్బా మీద బొమ్మలా ఉంటుంది.

ఆ యేడు డిసెంబరుకి మా చర్చికి నూరేళ్లు నిండుతాయి. ఆ రోజు తీసే ఫొటోని అద్దం కట్టించి చర్చి గుమ్మం పక్కన గోడకి తగిలిస్తారని పెద్దలు తీర్మానించారు. అంటే గోడ ఉన్నంతకాలం సరోజిని ఆముదం మొహం, ఇందిర పళ్ల వరస. మనవలూ, మునిమనవలూ వచ్చి చూస్తారు. ఆ ఫొటో తీసేటప్పుడు కొండబాబు నోటి వెంట "సరోజినిగారూ, నవ్వండమ్మా" అన్న మాట వినాలి. ఆమెకి పట్టుకున్న కోరిక అదొక్కటే.

ఆగస్టులో భర్త సీమోనుని బయల్దేరదీసింది. సీమోను కాలవల ఆఫీసులో గుమస్తా, నెమ్మదస్తుడు. ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కడ గోదావరి దాటడానికి పంటు, కోటిపల్లి నుంచి మళ్లీ కాకినాడ బస్సు. ఇందిరకి తొడుగులు వేసిన డాక్టరు వెంకటరాజుగారి దగ్గరికే వెళ్లారు. మనవైపు మనిషే, మాట మెత్తన, చెయ్యి అంతకంటే మెత్తన.

ఆ చెయ్యి మెత్తదనం నాకెలా తెలుసంటారా? నా ముప్ఫైరెండు పళ్లూ ఆయన చేసినవే మరి. కదలవన్నాను, పుచ్చవన్నాను, అందులో అబద్ధం ఎక్కడుంది? రాత్రిపూట గాజుగ్లాసులో నీళ్లలో హాయిగా పడుకుంటాయి. కురిడీ కొరికిందీ నిజమే. వాళ్లు చప్పట్లు కొట్టింది మాత్రం కాయ పగిలినందుకు కాదు, నా పన్ను ఊడి కాయలో ఉండిపోయినందుకు. సరే, నా సంగతి వదిలెయ్యండి.

డాక్టరుగారు సరోజిని నోట్లోకి చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"రెండు దార్లున్నాయండి. ఒకటి తొడుగులు. ముందు పళ్లు ఆరింటినీ అన్ని వైపులా అరగదీసి, లోపలి నరం కూడా తీసేసి, తొడుగుల్ని కాస్త వెనక్కి వంచి బిగిస్తాం. నెల తిరక్కుండా పని అయిపోద్ది. రెండోది తీగ. అటో పన్నూ ఇటో పన్నూ తీసేసి, ఆ సందులోకి ముందు పళ్లని తీగతో మెల్లిగా వెనక్కి లాగుతాం. ఏణ్ణర్థం పడుద్దండి. నెలనెలా వచ్చి తీగ బిగించుకోవాలి."

"ఏణ్ణర్థం నోట్లో తీగతోనే ఉండాలాండి?"

"ఆయ్."

"డిసెంబరుకి తీసెయ్యరా?"

"డిసెంబరుకి అప్పుడే మొదలెట్టినట్టుంటదండి."

"అయితే తొడుగులే వేసెయ్యండి," అంది సరోజిని, కుర్చీలోంచి లేవకుండానే. "మా మరదలికి వేసినవాటికంటే ఒక పిసరు తెల్లగా ఉండాలి."

డాక్టరుగారు నవ్వారు. "మీ మరదలుగారి పళ్లు మచ్చపడ్డాయమ్మా. మీవి అలా కాదు. వంకరేగాని ఉక్కు ముక్కలు. ఒకసారి అరగదీస్తే మళ్లీ మొలవవు. ఇంటికెళ్లి ఆలోచించుకుని వచ్చే గురువారం రండి. అప్పుడు ఏదంటే అది చేద్దాం."

తిరుగుదారిలో పంటు గోదావరి మధ్యకొచ్చాక సరోజిని మొగుణ్ణి అడిగింది.

"ఏవండీ, ఏది బాగుంటాదంటారు?"

"నాకేవీ తేడా లేదు సరోజా. ఎలాగున్నా నువ్వు నువ్వే కదా."

పాపం, ప్రేమగానే అన్నాడు. సరోజిని మొహం తిప్పేసుకుంది. "తేడా లేదా? అంటే ఇన్నేళ్లూ నా మొహం చూడనేలేదన్నమాట!"

ఇంటికొచ్చాక ఆలోచించింది. ఆలోచించిందంటే తొడుగులా, తీగా అని కాదు. ఆ ఆరు తొడుగుల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, పదిమందిలో ఊడి పడితే ఎలా ఉంటుందని. ఎంత ప్రార్థించే మనిషైనా లోపల ఒక మూల అలాంటి కోరిక ఉంటుంది. నాకూ ఉంటుంది. ఆ ఆదివారం సరోజిని దానికి పీట వేసి కూర్చోబెట్టింది.

ఓడలరేవు నుంచి పీతలు తెప్పించింది. కొండీల్లాంటి డెక్కలు అరచెయ్యంత ఉన్న మండపీతలు. పులుసు పెట్టి, ఆరాధన అయ్యాక తమ్ముణ్ణీ మరదల్నీ భోజనానికి పిలిచింది. మా వైపు పీత డెక్కని రోకలితో కొట్టుకు తినేవాణ్ణి చిన్నచూపు చూస్తారు. పంటికింద పెట్టి ఫట్‌మనిపించాలి, అప్పుడే తిన్నట్టు లెక్క. సరోజిని అన్నిటికంటే పెద్ద డెక్క ఏరి ఇందిర పళ్లెంలో వేసింది.

"తినవే ఇందిరా. నీకోసమనే ఏరి వేసేను."

"వద్దొదినా, అన్నంలోకి పులుసు చాలు."

"పులుసొక్కటే తింటే పీత దండగ కదా? కొరుకు. మా తమ్ముడు చూస్తన్నాడు."

సత్తిబాబు ఎవర్నీ చూడటం లేదు. తన డెక్కతో తను కుస్తీ పడుతున్నాడు. సరోజిని మాత్రం కన్నార్పకుండా చూస్తోంది. ఇందిర డెక్కని చేతిలో తిప్పింది. పైకెత్తింది. ఇందిర దాన్ని నోటిదాకా తెచ్చి, ఆపి, పక్కకి చాపి వదిన చేతిలో పెట్టింది.

"కాస్త కొరికిపెట్టవా వదినా," అంది, చిన్నపిల్ల తల్లిని అడిగినట్టు. ఆ మాటకి మాత్రం నవ్వలేదు.

సరోజిని డెక్కని తన పళ్ల కింద పెట్టుకుంది. ఫట్! తెల్లటి కండ చెక్కు చెదరకుండా ఊడొచ్చింది. మరదలి పళ్లెంలో పెట్టింది. ఇందిర దాన్ని తినకుండా వదిన నోటివంకే చూస్తూ కూర్చుంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లో పంపు దగ్గరికి వెళ్లాక మెల్లిగా చెప్పింది.

"ఆ చప్పుడు వింటే నాకు కడుపు మండిపోతదొదినా."

"ఏ చప్పుడే?"

"డెక్క చప్పుడు. మొన్న జాంకాయ కొరికితే తొడుగొకటి ఊడొచ్చింది. ఆయనకి కూడా చెప్పలేదు. అద్దంలో చూసుకున్నాను. దానికింద నా పన్ను అరిగిపోయిన సుద్దముక్కలాగ ఉంది. పరిగెత్తుకుని కాకినాడ ఎల్లి అతికించుకొచ్చేను. అప్పట్నుంచి జాంకాయ కూడా ముక్కలు కోసుకుని తింటన్నాను. నీకేం, నీవి రాళ్లు. నువ్వు కరకరా నమిలినప్పుడల్లా నీమీద ఎంత కుళ్లొచ్చుద్దో తెలుసా?"

సరోజినికి ఆ మాట పీత పులుసుకంటే రుచిగా అనిపించింది. అబద్ధమెందుకు, ముందు సంతోషమే వేసింది. తరవాత ఆ పెద్ద డెక్క ఎందుకు ఏరిందో గుర్తొచ్చి, మొహం కడుక్కునే నెపంతో నీళ్లు గట్టిగా కొట్టుకుంది.

గురువారం డాక్టరుగారి కుర్చీలో కూర్చుని "తీగే కట్టండి" అంది.

జ్ఞానోదయమైందనుకునేరు, అదేం కాదు. ఇందిర కుళ్లుకునే వస్తువొకటి తన నోట్లోనే ఉందని తెలిసింది. దాన్ని చేతులారా అరగదీయించుకోవడానికి మనసొప్పలేదు. ఫొటో పోతుందని ఏడుపొచ్చింది. అయినా సరే, తీగే అంది.

ఏణ్ణర్థం పడ్డ పాట్లు ఏం చెప్పమంటారు! పీతలు బంద్. జాంకాయ కొరకడం బంద్. మెత్తటి పప్పన్నం, మజ్జిగన్నం. నెలనెలా తీగ బిగించినప్పుడు రెండు రోజులు గంజి. చెంపలు లోపల గీరుకుపోయి పాట పాడటం కష్టమైంది. సరోజిని నోటికి రేడియో ఏరియల్ కట్టించింది, ఇక విజయవాడ స్టేషను ఖర్చు లేకుండా వినొచ్చని ఊళ్లో ఒక మాట పుట్టింది. పుట్టించినవాడి పేరు చెప్పను, ఈ కథ చెబుతున్నవాడికి దగ్గరివాడు. జాంకాయలు ముక్కలు కోసుకుని వదినా మరదళ్లు ఒకే పళ్లెంలో తినడం మాత్రం అప్పుడే మొదలైంది. ముక్క చిన్నదిగా ఎవరు కోశారన్న దాని మీద కూడా పోటీయే.

డిసెంబరు వచ్చింది. చర్చి మెట్ల మీద ఊరంతా వరసలుగా నిలబడింది. పొద్దుటి ఎండ తిన్నగా మొహాల మీద పడుతోంది. సరోజిని రెండో వరసలో, పక్కనే ఇందిర. కొండబాబు నల్లగుడ్డలో తల దూర్చాడు. లోపల్నుంచి కేక వచ్చింది.

"సరోజినిగారూ, నవ్వండమ్మా!"

సరోజిని నవ్వింది. పమిట అడ్డం పెట్టకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తీగ మొత్తం కనిపించేలా నవ్వింది. ఎండ ఆ తీగ మీద పడి ఒక్క మెరుపు మెరిసింది. ఆ మెరుపు చూసి ఓడలరేవు అవతల సముద్రంలో ఉన్న పడవవాళ్లు లైటుహౌసు పగలే వెలిగిందనుకుని ఒడ్డుకి తిప్పేశారట.

ఫొటో వచ్చింది. గోడకెక్కింది. ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. రెండో వరసలో ఒక ముఖం మధ్య తెల్లటి నక్షత్రం ఉంటుంది. క్రిస్మస్ నెలలో తీసిన ఫొటో కదా, పిల్లలు అది బేత్లెహేము నక్షత్రమనే అనుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఇందిర మూతి ముడిచింది.

"ఇంత తెల్లటి పళ్లు పెట్టుకుని నేను పక్కనుంటే, అందరూ నీ తీగనే చూస్తన్నారొదినా!"

ఆ రోజు సరోజిని ఇంట్లో పాయసం వండిందని విన్నాను. మెత్తటిదే కదా, ఇద్దరూ తిన్నారు.

తీగ తీసేశాక పళ్లు వరసలోకి వచ్చేశాయి. పీత డెక్కల చప్పుడు మళ్లీ మా వీధి చివరిదాకా వినిపిస్తోంది. సగం ఇందిర కోసం కొరికేవే.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. పడవ సంగతి అనుకుంటున్నారు కదూ? అది నిజం, ఓడలరేవులో ఎవర్నైనా అడగండి. కల్పించింది కొండబాబు మాట. ఆ రోజు వాడు "నవ్వండమ్మా" అనలేదు. ఎప్పటిలాగే "సరోజినిగారూ, పెదాలు కాస్త కలపండమ్మా" అన్నాడు. వినపడలేదేమోనని మళ్లీ అన్నాడు కూడా. ఆవిడకి వినపడింది.