అరచేయంత గోడ

గ్రంథాలయపు పెద్దగోడమీద ఆనాడు సున్నం మెత్తినప్పుడు చిత్రకారిణి మనసులో ఉన్నది సాక్షాత్తూ దిగ్విజయయాత్ర. పుస్తకం చదువుతున్న స్త్రీకి ముఖం, మెడ, రెండు భుజాలు: అంత మేరా ఒక్క పూతతో ఆక్రమించింది. తడిమీద వేస్తేనే రంగు గోడలోకి ఇంకుతుంది. ఆరిన సున్నం ఎంతటి కుంచెనూ లెక్కచేయదు. అప్పటికి రంగు పడకుండా మిగిలినది చెక్కి పారవేయవలసిందే.

సామ్రాజ్యానికి వచ్చిన చిక్కల్లా సేనాపతితోనే. కిందటేడు ఇదే పరంజామీదినుంచి పడినప్పుడు విరిగిన కుడి మణికట్టు అతుక్కున్నదే గాని విధేయత నేర్వలేదు. నాలుగు గీతలకే చేయి వణికింది. కనుబొమ జారి చెంపమీదికి వచ్చింది.

"ఏం మరదలా, ఆవిడకి మీసం పెడుతున్నావా?" అన్నాడు కిందనుంచి బావ.

బావ, ఈ గోడ సగం చిత్రించి కన్నుమూసిన మేనత్తకు కొడుకు. తానూ చిత్రకారుడే. ఆయనగారి ప్లాస్టిక్ రంగు డబ్బాలు మూతలు తీసుకుని గోడవార కొలువుదీరి ఉన్నాయి. సాయంత్రానికి ముఖం కనబడకపోతే గోడ బావదేనని గ్రంథాలయ అధ్యక్షులవారు పొద్దున్నే శాసనం చేసి వెళ్ళారు. అప్పుడు అత్త బొమ్మలకు కూడా ప్లాస్టిక్ యోగమే; గోడంతా ఒకేలా మెరవాలి గదా.

"నోరు మూసుకో బావా. పరంజా కదులుతోంది."

"పరంజా కాదు, నీ చెయ్యి. మా అమ్మ వేళ్ళు కొంకర్లు పోయాక కూడా నిలువెత్తు బొమ్మని ఒక్క పూతలో లాగించేసేది. నువ్వు మొహం దగ్గరే చతికిలబడ్డావు. దిగు ఇంక."

అది వారి కుటుంబ పురాణం. ఆమె దాన్ని నమ్మే అంత సున్నం మెత్తింది. ఇప్పుడు దాని అంచులు తెల్లబడుతున్నాయి.

కళ్ళు తిరిగినట్లయి పక్కనున్న అత్త బొమ్మకు చెంప ఆనించింది. కిటికీలోనుంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో బొమ్మ ఒంటినిండా అతుకులు! ఒక పూత ఆగి మరొకటి మొదలైనచోటల్లా సన్నని గీత. వరుసలో మొదటి బొమ్మకు అతుకు చాపంత. తరువాతిదానికి పళ్ళెమంత. ఈ చివరిదానికి అరచేయంత. ఒకచోట రెండు వేళ్ళకే ఒక పూత.

అత్త చేయి ఎంత ఇస్తే అంతే గోడ అడిగింది. పురాణం మాత్రం కింద నిలబడ్డవాళ్ళు రచించుకున్నారు.

ఆమె తాపీ అందుకుని మెత్తినదంతా గీకసాగింది.

"ఓయ్, పిచ్చిగానీ పట్టిందా? నా డబ్బాలు!"

"మూతలు పెట్టుకో మరి."

భుజాలు పోయాయి, మెడ పోయింది, మీసం వంటి కనుబొమ పోయింది. అరచేయంత కొత్త సున్నం అద్దింది. రెండు గీతలు గీసి చేతిని ఒడిలో పడుకోబెట్టింది. మళ్ళీ రెండు. సేనాపతి వణికినా ఈసారి పారిపోలేదు. వాకిట్లో అధ్యక్షులవారి బూట్ల చప్పుడైనప్పుడు కనుపాప ఇంకా మిగిలి ఉంది. ఊపిరి బిగబట్టి దాన్నీ గోడమీదికి దించింది.

"ముఖం ఏదమ్మా?"

"కన్ను అయిందండీ."

"ఒక్క కన్నేనా?"

"అతుకులేస్తోందండీ!" బావ అప్పటికే పరంజా ఎక్కేశాడు. "మా అమ్మ బొమ్మలో ఇలాంటిది ఒక్కటుంటే చూపించమనండి."

ఆమె పక్కకు జరిగి, ఎండ పడుతున్న చోటు చూపించింది. "చెయ్యి పెట్టి చూడు."

బావ చేయి పెట్టాడు. తల్లి చివరి పూత ఆ చేతికింద పూర్తిగా కనుమరుగైంది. ఆయన చాలాసేపు చేయి తీయలేదు.

తరువాత కిందికి దిగి, డబ్బాలకు మూతలు బిగించుకుంటూ అన్నాడు: "నేను ఈ గోడ ముట్టుకోనండీ."

అధ్యక్షులవారు గోడవంక చూశారు. గోడ ఒంటికంటితో వారివంక చూసింది. "చూస్తున్నదానికి రంగు పూయించలేం కదా," అని గొణిగి, "రేపు?" అని అడిగారు.

"రేపు రెండో కన్నండీ. ముక్కు మాత్రం ఆలస్యమవుతుంది," అన్నది ఆమె, నొప్పిపుట్టిన మణికట్టు నిమురుకుంటూ. "ఈవిడకి పెట్టేది మా అత్త ముఖమే, ఆవిడది పెద్ద ముక్కు. నమ్మకపోతే బావని చూడండి."