బండి ఱ ఎక్కిన లెక్క

మా కాలేజీ లెక్కల లెక్చరరు సెప్టెంబరు నడుమ, ఒంగోలులో ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. బీజగణితం బీజాలు చల్లి, మొలక తేలకముందే చేను వదిలేశాడన్నమాట. ఆ చేనును మా ప్రిన్సిపాలు ప్రకాశరావు గారు నాకప్పగించారు. నేను తెలుగు లెక్చరర్ని. పేరు సుందరరాజు. గురువు, లఘువు లెక్కపెట్టడం దాకా నా గణితం. ఆ పైన లఘువునే.

"నేను లెక్కలు చెప్పడమేంది సార్" అన్నాను.

"బీజం అనేది తెలుగు మాటే గదా. గణితం తెలుగు మాటే గదా. నువ్వు గాక ఎవరు చెప్తారయ్యా."

"ఆ రెండూ సంస్కృతం సార్."

"సంస్కృతం క్లాసు కూడా నీదే గదా. పైన రెండో అంతస్తు. పో."

ఆ క్లాసు పేరు బ్రిడ్జి కోర్సు. ఇంటర్లో లెక్కలు లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే దాటేసినవాళ్ళు పంతొమ్మిది మంది డిగ్రీ కంప్యూటర్ల గ్రూపులో చేరారు. వాళ్ళ కోసం ఈ వంతెన. నెల తర్వాత పది లెక్కల పరీక్ష. ఐదు చేస్తే కంప్యూటర్లలో ఉంటారు. చెయ్యకపోతే బీఏలోకి, అంటే నా తెలుగు గ్రూపులోకి, మార్చేస్తారు. ఈ సంగతి మొదటిరోజే ఒకమ్మాయి నా మొహం మీదే చెప్పింది.

"తప్పితే తెలుగులో పడేస్తారంట గదా సార్."

బావిలో పడేస్తారన్నట్టు చెప్పింది. నేను ఆ బావిలో ఇరవై రెండేళ్ళుగా ఈదుతున్నాను.

ఆ అమ్మాయి పేరు ఫెబీ. త్రిపురాంతకం దారిలో వాళ్ళ పల్లె. తల్లి అన్నమ్మ కూలి జనాన్ని పోగుచేసి, ఆటోల్లో ఎక్కించి పత్తిచేలకు తీసుకెళ్ళే మేస్త్రి. ఫెబీ పక్క వరసలో శివ. నల్లమల అంచున గూడెం వాడు. ఇంట్లోవాళ్ళు తేనె, చీపుర్లు తెచ్చి అమ్ముతారు. వాడు క్లాసుకు తెచ్చేది నోరొక్కటే.

బోర్డు మీద 3x = 12 అని రాశాను. x విలువ కనుక్కోండి అన్నాను.

"ఏ సంతలో సార్" అన్నాడు శివ.

"సంతేందిరా."

"విలువ సంతను బట్టి గదా సార్. అదే చీపురు మార్కాపురంలో ఒక విలువ, గిద్దలూరులో ఒక విలువ."

"అట్ల మారుతుంది కాబట్టే x ను చరరాశి అంటారు" అన్నాను, దొరికిన కొసను వదలకుండా.

"నాది కర్కాటక రాశి సార్."

"అదీ చరరాశే" అన్నాను. నిజంగానే అంతే. జ్యోతిషంలో మేషం, కర్కాటకం, తుల, మకరం నాలుగూ చరరాశులే. ఆ మాట అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. పావుగంట సేపు అందరి రాశులూ అడిగి చెప్పాను. క్లాసు నన్ను బాగా మెచ్చుకుంది. x మాత్రం బోర్డు మీద అట్లాగే నిలబడి ఉంది.

ఫెబీ పుస్తకంలో ఏమీ లేదు.

"రాయలేదేమ్మా."

"ఎందుకు రాయడం సార్. చెయ్యకముందే తప్పేసినారు గదా."

నాకు అర్థం కాలేదు. ఆమె తన పాత నోటుబుక్కు తీసి చూపించింది. ఇంటరు లెక్కల పేజీలన్నీ ఎర్ర ఇంటూలే. ఆరో తరగతి నుంచీ ఇంతేనంది. మనకు రెండు కర్రలు అడ్డంగా వేస్తే అది ఇంటూ మార్కు. హెచ్చవేతకూ ఇంటూనే, తప్పుకూ ఇంటూనే. ఈ పిల్లకు ఏడేళ్ళుగా లెక్క పక్కన వచ్చి కూర్చునే ఇంటూ, ఇవాళ లెక్క లోపలికే వచ్చి కూర్చుంది.

"సరే, తప్పనుకోకు. ఇంటూ అనే అనుకుని చదువు" అన్నాను.

"మూడు ఇంటూ సమానం పన్నెండు. నడుమ ఏందో రాయడం మరిచిపోయినారు సార్."

"ఏం మరిచిపోయానో చెప్పు."

"నాలుగు."

జవాబు సరైనదే. ఆనందపడి x + 5 = 12 రాశాను. "ఇంటూ ప్లస్ ఐదు" అని చదివి అందరూ ఆగిపోయారు. ముందర అంకె రాలిపోయిందని ఒకరు, ఇంటూ కావాలో ప్లస్ కావాలో సార్‌కే తెలియడం లేదని ఒకరు. నా ఆనందానికి ఆయుష్షు రెండు నిమిషాలు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించాను. x మీద వీళ్ళకు పగ. వేరే అక్షరం పెట్టాలి. ఏది పెట్టినా అంకెలతోనో, గుర్తులతోనో కలిసిపోకూడదు. వేరే ఏ పనీ ఉండకూడదు. అట్లాంటి ఖాళీ అక్షరం మన దగ్గర ఒకటుంది. ఎప్పుడో పని మానేసి, వర్ణమాల చివర పింఛను లేకుండా కూర్చున్న బండి ఱ.

మర్నాడు బోర్డు మీద రాశాను: 3ఱ + 5 = 20.

"ఇదేం అక్షరం సార్, రకారం బొర్లా పడ్డట్టుంది" అన్నాడు శివ.

"బండి ఱ."

"ఏం బండి సార్. ఆటోనా, ట్రాక్టరా."

నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. వెనక నుంచి ఫెబీ గొంతు వినపడింది.

"మూడు బండ్లు, ఆ పైన ఐదుగురా సార్?"

"ఆ ఐదుగురు ఎవరమ్మా" అన్నాను.

"బండి అందక నడిచొచ్చినోళ్ళు. చేను కాడ లెక్కేస్తే ఇరవై మంది. నడిచొచ్చినోళ్ళను ఐదుగుర్ని పక్కన కూచోబెట్టాల. పదిహేను. మూడు బండ్లు గదా, బండికి ఐదుగురు."

నేను ఇరవై రెండేళ్ళుగా బండి ఱ అని పలుకుతూనే ఉన్నాను. దాంట్లో మనిషిని ఎక్కించవచ్చని నాకు తోచలేదు.

"కానీ సార్" అంది ఫెబీ, "ఆటోకు ఐదుగురంటే గిట్టదు. మా అమ్మ పదకొండు మందిని ఎక్కిస్తది."

ఇరవైని కొట్టేసి, జవాబు పదకొండు వచ్చేట్టు లెక్క మార్చాను. 3ఱ + 5 = 38. అప్పటికి గాని ఆమె మొహంలో ఒప్పుదల కనపడలేదు.

అక్కడి నుంచి మా బండి పరుగే. ఱ ముందున్న అంకెను గుణకం అంటారు, ఎన్ని బండ్లో చెప్పడమే దాని గుణం అన్నాను. ప్లస్ ఐదు అటు పక్షం నుంచి ఇటు పక్షానికి దూకితే మైనస్ ఐదు అవుతుంది అన్నాను. "ఎందుకు సార్" అని ఎవరో అడిగితే, నేను నోరు తెరిచేలోపే శివ అందుకున్నాడు: "పక్షం మారినోడికి పాత గుర్తు ఎవరిస్తారు రా." ఆ పాఠం మళ్ళీ చెప్పే పని పడలేదు. ఫెబీకి క్లాసులో మేస్త్రమ్మ అని పేరు పడింది. ఎవరికి లెక్క చిక్కుపడినా "మేస్త్రమ్మా, నడిచొచ్చినోళ్ళు యాడ" అని అడిగేవాళ్ళు.

పరీక్షకు వారం ఉందనగా ఫెబీ స్టాఫ్ రూముకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్, నేను తప్పకూడదు సార్."

"ఎవరూ తప్పకూడదమ్మా."

"అట్ల కాదు సార్. కంప్యూటర్లలో సీటొచ్చిందని సంఘంలో లేచి సాక్ష్యం చెప్పేసినా. పాస్టరయ్య కృతజ్ఞత ప్రార్థన కూడా చేసినాడు. పల్లె పల్లెంతా ఆమెన్ అన్నారు. ఇప్పుడు పోయిందంటే, దేవుడిచ్చింది కాలేజీ గుంజుకున్నట్టు గదా."

ఆమె గొంతు కొంచెం తగ్గించింది. "అది కూడా కాదు సార్. మొదటిరోజు ల్యాబులో నా పేరు కొట్టినా. ఫెబీ అని తెలుగులో పడింది. అది ఎట్ల పడిందో తెలుసుకోకుండా నేను బయటికి పోలేను."

తెలుగు గ్రూపులోకి వస్తే కూడా పేరు తెలుగులో రాసుకోవచ్చు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా జీవితంలో మింగిన మొదటి చమత్కారం అదే.

పరీక్షలో x ఉంటుంది కాబట్టి, లోపల ఱ అనుకోండి, కాగితం మీద x రాయండి అని అందరికీ చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

పేపర్లు దిద్దడానికి మా దర్శి బ్రాంచి నుంచి శ్యాంసన్ వచ్చాడు. ఎమ్మెస్సీ లెక్కలు. జేబులో నాలుగు పెన్నులు, నాలుగూ ఎరుపే. సాయంత్రానికి ప్రిన్సిపాలు గదిలోకి నన్ను పిలిచారు. బల్ల మీద ఒక కాగితం.

"పద్దెనిమిది మంది గట్టెక్కినారు. ఇది చూడండి" అన్నాడు శ్యాంసన్.

ఫెబీ పేపరు. పది లెక్కలకు ఎనిమిదింటి జవాబులు సరైనవే. కానీ ఎక్కడా ఒక్క x లేదు. పేజీ నిండా బండ్లే. పదింటికి పదీ ఎర్ర ఇంటూలు.

"జవాబులు సరే గదా" అన్నాను.

"సార్, లెక్కలో అక్షరం మారిస్తే నేను ఒప్పుకుంటా. ఎక్స్ బదులు వై రాయనీండి. ఇది ఏంది సార్? రేపు కంప్యూటరుకు ఈ ఱ ఇస్తే అది తీసుకుంటదా?"

"కంప్యూటరు ఆ పిల్ల పేరు తీసుకుంది" అన్నాను.

"అర్థమై చేసిందో, బండ్లు బట్టీ పట్టిందో నాకెట్ల తెలియాల."

"పిల్చి అడిగితే పోదా" అన్నారు ప్రకాశరావు గారు. ఆయన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత చిన్న వాక్యంతో ఇంత పెద్ద పని చేయడం నేను చూడలేదు.

ఫెబీ వచ్చింది. వెనకాలే శివ, వాడి వెనక మిగతా క్లాసు. తలుపు దగ్గర ఆగారు.

"x అని ఎందుకు రాయలేదు ఫెబీ" అని అడిగాను.

"రాయబోయినా సార్. చెయ్యి ఆడలా. నా చేత్తో నేనే తప్పేసుకున్నట్టు ఉంటది."

శ్యాంసన్ లేచి గోడ బోర్డు మీద 2x + 9 = 3 అని రాసి, సుద్దముక్క ఆమెకిచ్చాడు.

దీని జవాబు మైనస్‌లో వస్తుంది. మేము అంతదూరం పోనేలేదు. బండికి మైనస్ మనుషులను ఎక్కించే విద్య నాకు రాదు, ఆమెకు నేర్పనూ లేదు.

ఫెబీ బోర్డు వైపు చూస్తూ నిలబడింది. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఎవరో వాడి నెత్తిన మొట్టారు.

"చేను కాడ ముందరే తొమ్మిది మంది ఉన్నారా సార్?" అంది.

"ఉన్నారనుకో" అన్నాడు శ్యాంసన్.

"ఆఖర్న ముగ్గురే ఉన్నారు."

"ఊ."

"అయితే ఈ బండ్లు జనాన్ని దింపలా సార్. ఎక్కించుకుని పోయినాయి. రెండు బండ్లు, ఆరుగురు. బండికి ముగ్గురు." బోర్డు మీద 3 అని రాసింది.

"సరిచూడు. రెండు మూళ్ళు ఆరు. ఆరూ తొమ్మిదీ పదిహేను. మూడు ఎట్ల వస్తుంది?"

ఆమె పెదవి కొరుక్కుంది. నేను నా చొక్కా గుండీ కొరుకుతున్నానని తర్వాత ఎవరో చెప్పారు.

"వచ్చే బండికీ పోయే బండికీ గుర్తు వేరుండాల గదా సార్" అంది, తనలో తాను అనుకున్నట్టు. మూడుకు ముందు ఒక అడ్డగీత గీసింది. మైనస్ మూడు. "రెండు మైనస్ మూళ్ళు మైనస్ ఆరు. తొమ్మిదిలోంచి పోతే మూడు. ఇది ఎదురు బండి సార్."

"నేను మూడేళ్ళ నుంచి రుణసంఖ్యలు చెప్తున్నా" అన్నాడు శ్యాంసన్. "ఎదురు బండి అని నాకు ఎవరూ చెప్పలా. సరే, ఇప్పుడు ముందర x ఈజ్ ఈక్వల్ టు రాయి."

చెయ్యి పైకెత్తి ఆగిపోయింది. "రాస్తే తప్పు పడదు గదా సార్?"

"తప్పు పెట్టేవాడిని నేనే గదమ్మా. పెట్టను. రాయి."

రాసింది. మొదటి గీత వంకరగా, రెండోది తిన్నగా వచ్చింది. తలుపు దగ్గర గోల మొదలైంది. ప్రకాశరావు గారు బల్ల మీద పేపరు వెయిట్‌తో రెండు దెబ్బలు కొట్టారు గాని, ఆయనా నవ్వుతున్నారు. శ్యాంసన్ పేపరు ముందుకు లాక్కుని ఎనిమిది మార్కులు వేసి, తన ఎర్ర ఇంటూలు కొట్టేయబోయాడు.

"ఉండనీండి సార్" అంది ఫెబీ. "x లే గదా."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"ల్యాబు తాళం తీసి ఈ అమ్మాయిని కూర్చోబెట్టండయ్యా ఎవరైనా" అన్నారు ప్రిన్సిపాలు. ఎవరూ కదలలేదు. ఫెబీ చేతిలో సుద్దముక్క ఇంకా అట్లాగే ఉంది.

"సార్" అంది శ్యాంసన్‌తో, "మీరు నాకొక లెక్క ఇచ్చినారు. నేను మీకొకటి ఇయ్యాల్నా?"

"ఇయ్యి మేస్త్రమ్మా" అన్నాడు శివ, ఎవరూ అడగకుండానే.

"దర్శి బస్సు ఆరుంబావుకు" అన్నాడు శ్యాంసన్, చేతి గడియారం చూసుకుంటూ. సుద్దముక్క మాత్రం అందుకున్నాడు.

"పొద్దున మూడు బండ్లు నిండా జనమొచ్చినారు. నలుగురు నడిచొచ్చినారు. మధ్యాన్నం వానమబ్బు పట్టిందని ఒక బండి నిండా ఎక్కి వెళ్ళిపోయినారు. చేలో ఇరవై ఆరు మంది మిగిలినారు. బండిలో ఎంతమంది?"

ఆయన టకటకా రాసుకుపోయాడు. మూడు బండ్లలో ఒకటి పోతే రెండు. నడిచొచ్చిన నలుగురిని తీస్తే ఇరవై రెండు. "పదకొండు" అని కింద రెండు గీతలు గీసి వెనక్కి తిరిగాడు.

ఫెబీ తల అడ్డంగా ఊపింది.

"పదకొండే గదమ్మా" అన్నాడు, బోర్డును మళ్ళీ చూసుకుని.

"తోలేవాడు యాడ సార్? బండి దానంతటదే వచ్చిందా?"

"తోలేవాడు పత్తి తియ్యడు గదా. లెక్కలో లేడు."

"చేలో లేడు సార్. బండిలో ఉన్నాడు గదా. నేను అడిగింది బండిలో ఎంతమందని."

పంతొమ్మిది మంది ఒక్కసారి పకపకలాడారు. శ్యాంసన్ నా వైపు చూశాడు, సాయం కోసం. నేను తెలుగు లెక్చరర్ని, ప్రశ్న సరిగ్గా చదువుకోవాలి అని చెప్పడం తప్ప నాకేం తెలుసు. ఆయన మళ్ళీ బోర్డు వైపు తిరిగి, ఆ పదకొండు పక్కన, కొంచెం చిన్న అంకెలతో, ప్లస్ ఒకటి అని రాశాడు.