డిక్కీలో భద్రం

చాసిస్ నంబరు చదవాలంటే ముందు బండి మెడ తుడవాలి. హ్యాండిల్ కింద, దుమ్మూ ఆయిలూ కలిసి గడ్డకట్టిన చోట. తడిగుడ్డతో రుద్ది, సుద్ద రాసి, కళ్లు చిట్లించి చదివి, వేలం జాబితాలో ఎక్కించాలి. మా ఠాణాలో హోంగార్డులం పదకొండు మందిమి. ఈ పని నాకే వచ్చింది. "తుడుసుడు నీకంటె మంచిగ ఎవలికొస్తది రెబెకమ్మా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నర్సన్న. మెచ్చుకున్నాననుకున్నాడు. పొద్దున ఇంట్లో గిన్నెలు, గచ్చు, మా అత్త జ్ఞానమ్మ మంచం తుడిచి, ఖాకీ తొడుక్కుని వచ్చి ఇక్కడ ఇనుము తుడుస్తాను. సెలక్షన్‌లో నేను ఎంత వేగంగా పరిగెత్తానో ఎవరికీ గుర్తులేదు. తుడుపు మాత్రం అందరికీ గుర్తుంది.

నిజామాబాద్ శివారులో, మా ఠాణా వెనక జాగాలో మూడు వందల పైచిలుకు బండ్లున్నాయి. తాగి నడిపి దొరికినవి, కాగితాలు లేనివి, రోడ్డు పక్కన వదిలేసి పోయినవి. చాలావాటికి బండి ధర కన్నా జుర్మానా ఎక్కువ. అందుకే మగవాళ్లు తిరిగి రారు, ఫైనాన్సులో ఇంకోటి తెచ్చుకుంటారు. ఇక్కడ చక్రాల్లోంచి తీగలు పాకుతాయి. పేపర్లో ప్రకటన వేస్తాం, ఆరు నెలలు చూస్తాం, ఆ తర్వాత వేలం. నాందేడ్ నుంచి తుక్కు సేట్లు వచ్చి కుప్పలుగా కొనుక్కుపోతారు. ఈసారి వేలం రేపే.

మధ్యాహ్నం ఎడపల్లి నుంచి ఒకామె వచ్చింది. పేరు అఖిల. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన ముఖం.

"అక్కా, నాకు బండి వద్దు. డిక్కీ ఒక్కసారి తెరువుండ్రి, సాలు."

అందులో ఆమె పది మెమో, నర్సు కోర్సు సర్టిఫికెట్ ఉన్నాయి. రేపు పొద్దున దవాఖానలో నౌకరీకి ఒరిజినల్స్ చూపించాలి. జిరాక్స్ తీయిస్తానని భర్త ప్రశాంత్ పట్టుకెళ్లి స్కూటర్ డిక్కీలో పెట్టాడు. నిరుడు వానలకు ముందు తాగి దొరికాడు. బండిని మాకు వదిలేశాడు.

"ఎప్పుడడిగినా, బండ్ల భద్రంగున్నయి తియ్యే అంటడు. బండేదంటె, ఠాణాల భద్రంగున్నది అంటడు." నవ్వబోయింది. రాలేదు.

నర్సన్న కుర్చీలోంచి లేవలేదు. "ఓనరు రావాలె. ఆర్సీ ఆయన పేరు మీదున్నది."

"మెమో నా పేరు మీదున్నది గద సార్!"

"మొగుణ్ని తోలుకరా పో. గిది నీ బీరువానా, వచ్చి తెరుసుకుంటందుకు?"

"వచ్చేటోడైతె నేనెందుకొస్త సార్? నేను నౌకరీ చేసుడే ఆయనకు ఇష్టం లేదు."

చూడండి ఈ కాయిదా, ఈ రూలు! సీటు కింద పెట్టె అతనిది, కాబట్టి పెట్టెలో ఉన్న ఆమె చదువూ అతనిదే. తుక్కు సేటుకు అమ్మొచ్చు. ఆమెకు మాత్రం ఇవ్వకూడదు. ఇంత తెలివి ఏ మగాడి బుర్రలోంచి వచ్చిందో గాని, దానికి ఒక స్టాంపు, ఒక సంతకం కూడా ఉన్నాయి.

నర్సన్న చాయ్ తాగడానికి బయటికి పోయాడు. తాళాలగుత్తి నా నడుముకే ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకుపోయాను. తాళం తిరగలేదు, తుప్పు. ఇనుప కడ్డీ పెట్టి సీటు లేపాను. నా నౌకరీ పోతే పోయింది.

సీటు ఎప్పుడు చిరిగిందో, రెండు వానాకాలాల నీళ్లు లోపలికి దిగాయి. కవర్‌లో కాగితాలు ముద్దయ్యాయి. విడదీయబోతే తడిసిన రొట్టెలా చేతికి ఊడొచ్చాయి. ఫొటో ఉండాల్సిన చోట ఒక తెల్లటి మరక.

"డూప్లికేట్లు ఇస్తరమ్మా," అన్నాను.

"రేపు పొద్దటికి ఇస్తరా అక్కా?"

ఆమె ఏడవలేదు. ఆ ముద్దను కొంగులో కట్టుకుంది. "మా ఎడపల్లి మీదికెల్లి పోయే బోధన్ బస్సు ఇప్పుడుంటదా?" అని అడిగింది. అంతే.

ఆమె పోయాక చాలాసేపు ఆ పిల్ల మీదే కోపం వచ్చింది నాకు. చదువుకున్నదానివి, నీ కాగితాలు వాడి బండిలో పెట్టనిస్తావా? గుడ్డ పిండుతుంటే ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. నావెక్కడున్నాయి?

నా పది మెమో, హోంగార్డు సెలక్షన్ కాగితం, ఆధార్, జీతం పడే పాసుబుక్కు, అన్నీ నా భర్త హనోకు స్కూటర్ డిక్కీలో. పెళ్లయిన పదకొండేళ్లుగా అక్కడే. "ఇంట్ల పెడితె పోగొడ్తవ్," అన్నాడు మొదట్లో. నేనూ సరే అన్నాను. వందల డిక్కీలు చూసిన నేను!

సాయంత్రం ఇంటికి రాగానే, పొయ్యి వెలిగించకముందే, చర్చి క్యాలెండర్ మేకుకున్న తాళంచెవి తీసుకుని వాకిట్లో డిక్కీ తెరిచాను.

"ఏం దేవులాడుతున్నవే?" గడపలోంచి హనోకు.

"నా కాగితాలు."

"బండ్ల భద్రంగున్నయి తియ్యే!"

అదే మాట. అక్షరం మారలేదు.

కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లాను. బీరువా తాళం ఆయనది. సందుగ అత్తది. రోజూ రెండుసార్లు తుడిచే ఇంట్లో ఒక్క కవర్ పెట్టుకునే జాగా నాది కాదు. నా యూనిఫాం సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకుని, అట్లాగే బియ్యం కడగడానికి కూర్చున్నాను.

అత్త మంచం మీది నుంచి తల ఎత్తి చూసింది. "కాగితాలన్ని మూటగట్టుకున్నవ్, ఎటన్న పోతవా ఏందే?"

నిజం చెప్తున్నాను, ఆమె అడిగేదాకా ఆ ఆలోచన నాకు రాలేదు.