ఎర్రదారం

నాలుగో గోనె మూతి విప్పి మునివెంకటమ్మ చేతిని మోచేతిదాకా లోపలికి దించింది. పైన ఎవరైనా మంచి పూలే పేరుస్తారు, అసలు సంగతంతా అడుగున ఉంటుంది. అడుగునుంచి ఒక ఎండు తామరపువ్వును పైకి తీసి తొడిమ చివర విరిచింది. టక్కుమంది. రెండు రేకులు వేళ్ల మధ్య నలిపింది. గరగరలాడాయి. ఆ తర్వాత, ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్నట్టే, పువ్వును ముక్కు దగ్గరికి తెచ్చి కళ్లు మూసుకుంది.

ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టే ఉంది.

కాటన్‌పేటలో ఆ సందుకు వచ్చేవాళ్లకు మునినారాయణప్ప మూలికల అంగడి ఎంత తెలుసో, మునివెంకటమ్మ ముక్కూ అంతే తెలుసు. ముందర అంగడి, వెనుక కిటికీ లేని పొడుగాటి గది. అందులో ఒక మూల ఆమె పీట. మనిషి పొట్టి. ఎడమ మోకాలు వంగదు కాబట్టి ఆ కాలు బారచాచే కూర్చుంటుంది. గోళ్ల సందుల్లో కరక్కాయదో, వట్టివేరుదో, ఏ సబ్బుకూ పోని గోధుమరంగు. వాసన చూసి సరే అనుకున్న గోనెను ఆమె దబ్బనంతో, ఎర్రదారంతో కుడుతుంది. మిగతా సరుకుకు మామూలు పురికొస. ఎర్రదారం కనిపిస్తే సావుకారు మునినారాయణప్ప ఆ గోనెను మళ్లీ విప్పడు, కొన్నవాళ్లూ విప్పరు. ఆయన తండ్రి పెట్టిన పద్ధతి అది. ఆ పెద్దాయన దారపుండ చేతికిచ్చిననాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. మొగుడు బైరప్ప అప్పట్లో ఇదే వీధిలో మూటలు మోసేవాడు. బైరప్ప పోయి తొమ్మిదేళ్లయింది. దారం మాత్రం ఉండ మీద ఉండ వస్తూనే ఉంది.

ముక్కు పోయి రెండేళ్లు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా ఆమెకు తెలియలేదు. పక్కింటామె తలుపు బాదితే తెలిసింది. వస్తుందిలే అనుకుంది, రాలేదు. ఎవరితోనూ అనలేదు. అంటే ఇంకేం మిగులుతుంది తన దగ్గర? చదువా, ఒంట్లో సత్తువా? ఆ ముక్కును నమ్మే కదా అంతమంది ఆమెను మునక్కా అని పిలిచేది! పాపం, ముసలిది, రోజుకు యాభైసార్లు కళ్లు మూసుకుని ఎంత నటించిందో. పని వేళ్లకు అప్పజెప్పింది. వేళ్లూ చాలావరకు నెట్టుకొచ్చాయి. కానీ తడిసి మళ్లీ ఆరిన పువ్వు చేతికి చిక్కదు. రేకు గరగరలాడుతుంది, తొడిమ టక్కుమంటుంది, లోపలి గింజల దిమ్మెలో మాత్రం బూజు దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టించేది వాసన ఒక్కటే.

పోయినవారం వెనకవీధి నేత్రావతి పొట్లం వెనక్కి తెచ్చింది. ఆమె అత్తకు మొలలు, రక్తం పడుతుంది. తామర కేసరాలు వెన్నలో కలిపి పెట్టడం ఆ ఇంట్లో పాత అలవాటు.

"తడిగుడ్డ కంపు కొడతా ఉండాదప్పా. మాయత్త నోట్లో పెట్టుకోని ఉమ్మేసె," అంది నేత్రావతి.

మునినారాయణప్ప నవ్వేశాడు. "మునక్క చూసిన పువ్వమ్మా అది. ఇంట్లో యాడో చెమ్మలో పెట్టుంటావు."

మునక్క పేరు వినగానే నేత్రావతి తప్పు తనదేనేమో అన్నట్టు తల వంచుకుని, ఇంకో పొట్లం తీసుకుని వెళ్లిపోయింది. ఆ వంచిన తల మునివెంకటమ్మను వదలలేదు.

ఇప్పుడు ముందున్నవి ఆరు గోనెలు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తామరపూల టీ అమ్మే చాందినికి వెళ్లాలి. నాలుగింటికి బండి వస్తుంది. మూడు గోనెలకు ఎర్రదారం పడింది. అప్పుడే ఫోన్ మోగింది. సావుకారు స్పీకర్ పెట్టాడు.

"అంకుల్, ఫ్లవర్స్ హోల్‌గా ఉన్నాయి కదా? గ్లాస్ కప్‌లో హాట్ వాటర్ పోస్తే రేకులు నీట్‌గా ఓపెన్ అవ్వాలి. కస్టమర్స్ వీడియోలు తీసుకుంటారు."

"వాసన ఎట్లుండాల తల్లీ?" లోపలినుంచి మునివెంకటమ్మ గట్టిగా అడిగింది.

"స్మెల్‌తో ప్రాబ్లమ్ లేదాంటీ, మేం వెనీలా ఫ్లేవర్ యాడ్ చేస్తాం. అయినా మీరు చెక్ చేశాక మాకేం టెన్షన్? ప్యాకెట్ మీద కూడా వేశాం, వాసన చూసి ఏరిన పూలు అని."

ఫోన్ ఆగింది. మునివెంకటమ్మ చేతిలో పువ్వు అలాగే ఉంది. నేత్రావతి అత్త ఉమ్మేసింది. ఈ టీ తాగేవాళ్లు ఉమ్మరు. వెనీలా మాటున అంతా గుటకలేస్తారు. తన తర్వాత వాసన చూసే మనిషంటూ ఇంకెవరూ లేరు. దాచి దాచి అలసిపోయింది.

గదిలో రెండో మూల ప్రేమకుమారి ఫేస్‌ప్యాక్ కోసం తామరరేకుల పొడి జల్లిస్తోంది. పన్నెండేళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నారు. మునివెంకటమ్మ కత్తెర తీసుకుని, తాను కుట్టిన మూడు గోనెల ఎర్రకుట్లనూ కత్తిరించింది. ఒక్కోదాని అడుగునుంచి ఒక్కో పువ్వు తీసి, కాలీడ్చుకుంటూ వెళ్లి, మొదటిదాన్ని ఆమె ముక్కు ముందు పెట్టింది.

"ఎట్లుండాది?"

"నన్నెందుకడగతావక్కా, నీకు తెల్దా?"

"చెప్పవే."

"తేనె మాదిరుండాది."

రెండోదీ అంతే అంది. మూడోది దగ్గరికి రాగానే ముఖం తిప్పేసుకుంది. "థూ! వానలో నానిన గోనె కంపు. దీనికెట్లా వేసినావు ఎర్ర..." అంటూనే ఆగిపోయి, మునివెంకటమ్మ ముఖంలోకి చూసింది. జల్లెడ కింద పెట్టింది.

"ఎప్పట్నించక్కా?"

"రెండేండ్లాయె."

ప్రేమకుమారి గొంతు తగ్గించింది. "సుమ్మనుండు, ఎవురికీ చెప్పొద్దు. నేను వాసన చూస్తా, నువ్వు కుట్టు. ఎవురికి తెలస్తాది?"

ఆ మాట ఎంత హాయిగా ఉందో! ఇంకో నాలుగేళ్లు అదే పీట, అదే పిలుపు. మునివెంకటమ్మ తన పీటవైపు ఒకసారి చూసింది. ఆశ పడింది కూడా. లేదనడం అబద్ధం.

"నీ ముక్కుకు నా దారమెందుకే," అంది చివరికి, ప్రేమకుమారి చెంప నిమిరి.

ముందర అంగడిలోకి వెళ్లి మునినారాయణప్పకు ఒక్కమాటలో చెప్పేసింది. "నాకు వాసన తెల్దప్పా. రెండేండ్లాయె. మూడో గోనె బూజు. కుట్టేసినాను, మళ్లా విప్పినాను."

ఆయన మొదట నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కాలేజీనుంచి వచ్చి ఈ గల్లాపెట్టె ముందు కూర్చున్ననాటినుంచి ఆయన ఆమెను చూస్తున్నాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ఇప్పుడూ పెంచలేకపోయాడు.

"రెండేండ్లలో నేను ఒక్క గోనె కూడా విప్పలేదు గదక్కా," అన్నాడు.

అంతకన్నా కొట్టినా బాగుండేది. మునివెంకటమ్మ కళ్లు తుడుచుకుంది.

"నేత్రావతిది తప్పు గాదప్పా. నాది. ఆ యమ్మకు నేనే చెప్పిపోతా."

"రేపు రాక్కా. స్వల్ప ఆలోచిస్తాం. వేరే పనేదన్నా..."

"చాలప్పా. కాలు ఒకటే నొప్పి," అంది. కాలి నొప్పి నిజమే. లోపలికి వెళ్లి సంచి, గొడుగు, ఖాళీ టిఫిన్ డబ్బా తీసుకుంది. పీటవైపు చూడలేదు. గడప దిగి, నేత్రావతి ఇల్లున్న వెనకవీధివైపు, ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లింది. సందు మలుపుదాకా మునినారాయణప్ప ఆమెను చూస్తూనే ఉన్నాడు. తర్వాత చాందినికి ఫోన్ చేసి బండిని రేపు పంపమన్నాడు. కారణం అడిగితే దాచకుండా చెప్పాడు.

సాయంత్రందాకా ప్రేమకుమారి మిగిలిన అయిదు గోనెల అడుగునా తల పెట్టి వాసన చూసింది. మూడోదాన్ని ఆయనే బయటికి లాగించాడు. మంచివాటి మూతులు కుట్టే వేళకు ఆమె మునక్క పీటదాకా వెళ్లి, దారానికని వంగి, ముట్టకుండానే లేచి పురికొస వెతుక్కుంది.

పీట మీద ఎర్రదారపుండ, దానికి గుచ్చిన దబ్బనం, దాని కన్నులోంచి వేలాడుతున్న మూరెడు దారం.