గోడ మీద కాజా

మా ఇంట్లో నన్ను ఇంజనీరు అంటారు. చదివినందుకు కాదు, పదో తరగతి గట్టెక్కడానికే మూడుసార్లు కూర్చున్నవాణ్ణి. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే చిన్న దుకాణం నాది. చుట్టాల్లో ఎవరు ఏ వస్తువు కొనాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. నేనూ గొంతు సవరించుకుని ఓ పావుగంట వాయిస్తాను. అందులో సగం నాకు తెలిసింది, మిగతా సగం అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను పట్టుకోలేదు. ఎవరైనా పట్టుకుని నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే మా అక్కకు ఈ గతి పట్టేది కాదు.

అక్క కుట్టు నేర్పుతుంది. ఆడవాళ్ళకు చేతిపనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో, పది మంది పట్టే గదిలో, పదకొండేళ్ళుగా తాత్కాలిక టీచరు. మిషను మీద ఎవరైనా నేర్పుతారు. అక్క గొప్పతనమంతా చేతికుట్టులో ఉంది. చొక్కాకు గుండీ దూరే కంత చుట్టూ దారంతో గట్టిగా అల్లుతారే, కాజా, అది అక్క కుడితే వేలితో తడిమి చూడాల్సిందే. ఆ పది మందీ చుట్టూ మూగి, మెడలు చాచి, ఆ వేళ్ళు చూస్తూ నేర్చుకుంటారు. అక్క గొంతు చిన్నది. చెప్పేది తక్కువ, చూపించేది ఎక్కువ.

ఈ ఏడు కేంద్రంవాళ్ళు చిన్న గదులు మూసేసి, నలభై మందితో ఒకే పెద్ద హాలు పెడతామన్నారు. టీచరు ఒక్కరే, ఉద్యోగం పర్మనెంటు. దానికి అక్కా, మిషను కుట్టు నేర్పే ఇంకో టీచరమ్మా పోటీ. ఇద్దరూ ప్రిన్సిపాల్ మేడమ్ ముందు, బయటినుంచి వచ్చే ఇద్దరు పెద్దల ముందు చెరో పాఠం చెప్పి చూపించాలి. నెగ్గినవాళ్ళకు హాలు. రెండోవాళ్ళు నెలాఖరున ఇంటికి. నలభై మందికి వేళ్ళు ఎలా చూపించాలా అని అక్క బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి ఉపాయం తనే కనిపెట్టింది. చేతుల పైన ఫోను నిలబెట్టి, ఫోనులో కనిపించేదంతా ప్రొజెక్టరుతో గోడ మీద వేస్తే అందరికీ కనబడుతుంది కదా! ఏ ప్రొజెక్టరు కావాలో మీరే చూసి చెప్పండి, తెప్పిస్తాం అన్నారట కేంద్రంవాళ్ళు.

"ఒరేయ్ ఇంజనీరూ, నాకు వీటి ఓనమాలు కూడా తెలీవురా. నువ్వే చూసిపెట్టాలి," అంది.

నాకూ తెలీవు. నా జన్మలో ఒక్క ప్రొజెక్టరు విప్పి ఎరగను. ఆ ముక్క అక్కడే అనేసి ఉంటే గొడవే లేకపోయేది.

"దానిదేముందక్కా, చిటికెలో పని," అన్నాను.

"మా హాలుకి రెండు వైపులా కిటికీలేరా. పొద్దున పూట చూడూ..."

"అక్కా, సూది సంగతి నువ్వు చూసుకో. వెలుగు సంగతి నాకొదిలెయ్," అన్నాను. అక్క నవ్వి ఊరుకుంది. నా మాట మీద అంత గురి ఆవిడకు.

ప్రొజెక్టర్లు అమ్మే దుకాణానికి వెళితే ఒకమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో చిన్న పుస్తకం. "గది ఎంత పెద్దది సార్? బల్లకీ గోడకీ దూరమెంత? వాడేది పగలా, రాత్రా?" అంటూ మొదలుపెట్టింది. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదంటే నోరు అరిగిపోదు కదా! కానీ ఆ అమ్మాయి చూసి చూసి, "మొదటిసారి కొంటున్నారా సార్?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది పాపం. నాకు మాత్రం చుర్రుమంది.

"మొదటిసారేంటమ్మా! ఇరవయ్యేళ్ళుగా ఇదే పని నాది," అన్నాను.

"అయ్యో, సారీ సార్. అయితే ల్యూమెన్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదు," అన్నాను.

ఆ అమ్మాయి పుస్తకం మూసేసింది. ల్యూమెన్లంటే వెలుగు లెక్క అని దేవుడి దయవల్ల పెట్టె మీదే రాసుంది. ఎవడికైనా ఏం తోస్తుంది? అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న పెట్టె ఏదో చూశాను. పన్నెండు వేలు అని పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. నల్ల కర్టెన్లు కట్టిన చీకటి గదిలోకి తీసుకెళ్ళి వేసి చూపించారు. రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఇదే కావాలన్నాను. కేంద్రంవాళ్ళు మారుమాట లేకుండా అదే తెప్పించారు.

పాఠం చూపించే ముందు రోజు పొద్దువాలాక దాన్ని అక్క ఇంట్లో పెట్టి, తలుపులు వేసి, లైటు ఆర్పి, చేపలు ఈదే వీడియో ఒకటి వేశాను. గోడంతా చేపలే. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కాసేపటికి, "ఓసారి నా చెయ్యి పెట్టి చూద్దామట్రా?" అంది.

"ఇంత చిన్న చేప కనిపించింది, నీ చెయ్యి కనిపించదా?" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పది గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిసంచీ భుజాన తగిలించుకుని వెళ్ళాను. అక్క చెప్పినట్టే హాలుకు రెండు వైపులా కిటికీలు, నేలంతా ఎండ. కుట్టు నేర్పే చోటు మరి, వెలుతురు లేకపోతే సూదిలో దారమెలా ఎక్కుతుంది? వెనక బెంచీల్లో నేర్చుకునేవాళ్ళు, ముందు వరసలో మేడమ్, ఆ ఇద్దరు పెద్దలు. ఆ టీచరమ్మ అప్పటికే పెద్ద అట్ట మీద బొమ్మలు గీసి పాఠం ముగించింది. అక్క బల్ల ముందు కూర్చుని, ఫోను కింద గుడ్డ పరుచుకుని, సూది పట్టుకుంది. నేను దర్జాగా బటను నొక్కాను.

గోడ తెల్లగా ఉంది. ఇందాకా తెల్లగానే ఉంది, ఇప్పుడూ తెల్లగానే ఉంది. 

"ఏమైనా వేశారా బాబూ?" అని ఆ పెద్దల్లో ఒకాయన నిజంగానే అడిగాడు.

గబగబా కర్టెన్లు లాగించి, ట్యూబులైట్లు ఆర్పించాను. గోడ మీద బొమ్మ వచ్చింది, కానీ నల్లగా. హాలు చీకటైతే అక్క చేతులూ చీకట్లోనే ఉంటాయి కదా, ఇక ఫోనుకేం కనబడుతుంది? సూది కనబడక అక్క వేలు పొడుచుకుంది. లైట్లు వేయించాను, బొమ్మ పోయింది. ఆర్పించాను, చేతులు పోయాయి. వేస్తే గోడ లేదు, ఆర్పితే వేళ్ళు లేవు. మూడోసారి ఆర్పేటప్పటికి వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమైందండీ?" అన్నారు మేడమ్, నా వైపు తిరిగి. హాలంతా నా వైపే చూస్తోంది. సంచీ వీడిదే, బటను నొక్కింది వీడే, వీడికేమీ రాదు అని వాళ్ళందరికీ తెలిసిపోతుందన్న భయం తప్ప నాకు ఆ క్షణాన ఇంకేమీ లేదు. అక్క కూడా గుర్తు రాలేదు.

"అక్కా, ఏం నొక్కావు?" అని అరిచాను. "ఏదీ ముట్టుకోవద్దని చెప్పానా, లేదా?"

చెప్పలేదు. అసలా మాటే అనలేదు.

అక్క బిత్తరపోయి తన చేతుల్ని చూసుకుంది. "ఫోను కాస్త పక్కకి జరిపానురా. ఏదో తగిలే ఉంటుంది," అని, లేచి నిలబడి పెద్దల వైపు తిరిగింది. "నాదే పొరపాటండీ. మా తమ్ముడు నిన్న చక్కగా అమర్చిచ్చాడు. నేనే ఏదో చేశాను."

వైర్లు చుడుతూ తల దించుకున్నాను. అది సిగ్గుపడ్డ తల అనుకునేరు, కాదు, దొరక్కుండా బయటపడ్డవాడి తల.

మేడమ్ మంచావిడ. "కంగారు పడకండి, శుక్రవారం ఇంకోసారి చూపించండి," అన్నారు. అది మంగళవారం.

బుధవారం పొద్దున్నే ఆ దుకాణం మీదకు యుద్ధానికి వెళ్ళాను. పన్నెండు వేలని రాసి మోసం చేస్తారా అని గొంతు చించుకున్నాను. ఆ అమ్మాయి అంతా విని, పెట్టెలో కాగితం తీసి లోపలి పేజీలో చీమల్లాంటి అక్షరాలు చూపించింది. "ఆ పెద్ద అంకె లోపలి బల్బుది సార్. గోడ మీదకి వచ్చే వెలుగు ఇదిగో, మూడొందలు. ఎండ పడే హాల్లో ఇది చాలదు. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని అన్నారుగా, మీకు తెలిసే తీసుకుంటున్నారనుకున్నాను." ఎత్తిపొడుపు కూడా కాదది. నాకు తల కొట్టేసినట్టయింది. హాలు సంగతి, కుట్టు సంగతి అడిగి తెలుసుకుని తనే అంది, "దీంతోనే అయిపోతుంది సార్. కర్టెన్లు వేసేసి, చేతుల మీదకి మాత్రం మూత ఉన్న టేబుల్ లైటు ఒకటి వంచి పెట్టండి. చేతులకి వెలుగు, గోడకి చీకటి."

మూతున్న టేబుల్ లైటు! నా దుకాణంలో పనిబల్ల మీద అదే వెలుగుతుంటుంది పొద్దస్తమానం. దాని కిందే కదా నేను మిక్సీలు విప్పేది.

ఆ వెంటనే అక్క దగ్గరికి పరిగెత్తాలా, వద్దా? వెళ్ళలేదు. వెళ్తే ఎందుకని అడుగుతుంది, అడిగితే చెప్పాలి. బుధవారమంతా నా దుకాణంలో నా చేతుల్నే గోడ మీద వేసుకుని చూశాను. గోళ్ళలో మట్టి కూడా కనబడింది. అప్పుడు నా పాడుబుద్ధికి ఇంకో ఆలోచన వచ్చింది. నువ్వు పాడుచేసింది నేను బాగుచేశానని చెబితే సరి! శుక్రవారం అక్కకు హాలు వస్తుంది, నాకు పేరొస్తుంది, ఎవరి పరువూ పోదు.

గురువారం మధ్యాహ్నం లైటు, ప్రొజెక్టరు పట్టుకుని వెళ్ళాను. అక్క నేల మీద కూర్చుని దారపు ఉండలు రంగుల వారీగా సర్దుతోంది. ఏదో చెప్పబోయింది. "ముందు ఇది చూడు," అని నోరు మెదపనివ్వలేదు. కర్టెన్లు వేసి, లైటు వంచి, సూది చేతికిచ్చాను. "నువ్వు నొక్కిందేదో కనిపెట్టి సరిచేశానక్కా. కుట్టు."

అక్క కుట్టింది. గోడ మీద అరచేయంత కాజా, చేంతాడంత దారం, ఒక్కో ముడీ బిగుసుకోవడం కూడా కనిపిస్తోంది. అక్క తల ఎత్తి తన వేళ్ళనే చాలాసేపు చూసుకుంది.

"ఎంత బాగుందిరా," అంది. "ఆ టీచరమ్మకి కూడా ఇలాగే అమర్చిపెట్టు. కొత్త హాల్లో పనికొస్తుంది."

"ఆవిడకెందుకు?"

"పొద్దున వెళ్ళి మేడమ్‌కి రాసిచ్చేశాను, హాలు ఆవిడకే ఇచ్చెయ్యమని. నలభై మంది ముందు మళ్ళీ ఏదో ఒకటి నొక్కేస్తాను, నాకు తెలుసు. నాతో పాటు నువ్వూ నలుగురిలో చిన్నబోవాలి. ఎందుకొచ్చిన గొడవ?"

దారాల మధ్యే కూలబడ్డాను. "నువ్వేమీ నొక్కలేదక్కా," అన్నాను. తర్వాత అంతా కక్కేశాను, దుకాణంలో కోసిన కోతలు, పెట్టె మీద అంకె, హాల్లో నా అరుపు, ఇందాకటి అబద్ధంతో సహా. అక్క ఎదుటే మేడమ్‌కు ఫోన్ చేసి మళ్ళీ అదంతా చెప్పాను. "ఆ టీచరుకి ఇందాకే కాగితం ఇచ్చేశామండీ," అన్నారావిడ. "ఈ మాట మంగళవారమే అని ఉంటే ఎంత బాగుండేది."

ఫోను పెట్టేశాను. అక్క మొహంలోకి చూడలేక కింద దారాలు చూస్తున్నాను. కొడుతుందేమో, కొట్టనీ అనుకున్నాను.

"అంటే నేనేం తప్పు నొక్కలేదా?" అంది అక్క.

"లేదక్కా."

"మేడమ్‌కి కూడా ఆ ముక్క చెప్పినట్టేగా?"

"చెప్పాను."

అక్క గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. ఉద్యోగం పోయిన మనిషి నవ్వింది. "అమ్మయ్య! రెండు రాత్రులుగా నిద్ర పట్టలేదురా. ఏం నొక్కానా, ఏం నొక్కానా అని ఈ వేళ్ళని చూసుకోవడమే సరిపోయింది."

"నువ్వు ఫోను జరిపావు, అంతే. ఆ మాత్రం దానికి ఏమీ కాదని నీకు తెలీదా అక్కా? ఒక్క మాట ఎదురు అనకూడదా నన్ను?" అన్నాను ఏడుస్తూ.

"తెలుసురా, ఫోనే జరిపానని," అంది అక్క. "కానీ నువ్వన్నావుగా. నువ్వన్నావంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను."