కేబుల్ చివరి మూత

మా ఆఫీసు కంప్యూటర్లకు పొద్దున్నే ఏమీ తెలియదు. స్విచ్ వేయగానే తామెవరో, ఏం చేయాలో కేబుల్ గుండా సర్వర్‌ను అడుగుతాయి. వాటిలో డిస్కు లేదు, ఫ్లాపీ పెట్టే సందు కూడా లేదు. లెక్కలు ఎవరూ జేబులో వేసుకుపోలేరని కొట్టు యజమాని, మేమంతా మొదలాళి అని పిలిచే దామోదరం గారు అలాంటివే కొన్నారు. లోపల చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. అడగడమే దాని పని. సర్వర్ జవాబిచ్చాకే తెర మీద బిల్లు తెరుచుకుంటుంది.

సిగ్గు లేకుండా అలా అడగడం చూస్తే నాకు ముచ్చటగా ఉండేది. మా ఊరి బళ్లో నేను అడగాల్సినవి కూడా అడగక, ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. టైపు పరీక్ష పాసయ్యాక తిరువొత్తియూరులో కాటయ్య మామ ఇంట్లో ఉంటూ, గోవిందప్ప నాయకన్ వీధిలోని ఈ పసుపు, మిరప టోకు కొట్టులో చేరాను. కింద కొట్టూ ఆఫీసూ, మేడ మీద మొదలాళి ఇల్లు. జయంతీ నేనూ కొత్త టైపిస్టులం. నాది గోడ పక్కన చివరి బల్ల.

ఆయుధ పూజకు ముందురోజు కొత్త సర్వర్ వచ్చింది. పాత చిప్పులు మాట్లాడే తీరు దానికి అర్థం కాదట. మైలాపూరు నుంచి వచ్చిన ఇంజినీరు దీపక్ సార్ ఒక్కో కంప్యూటర్ పై రేకు విప్పి, పాత చిప్పు పీకి, కొత్తది గుచ్చారు. సాయంత్రానికి అన్నీ లేచాయి. అయినా మొదలాళి ముఖంలో నమ్మకం కనబడలేదు.

“విజయదశమి తొలి బిల్లు దీంట్లో రావాల. రాకుంటే అన్నీ వాపసు. మళ్లా చేతి బిల్లే,” అన్నారు. మావైపు చూడకుండానే ఇంకో మాట అన్నారు. “చేతి బిల్లుకి టైపు పిల్లకాయలు దేనికి?”

జయంతి నా చెయ్యి గిల్లింది. నాకు మా అమ్మ ముఖం గుర్తొచ్చింది. ఉద్యోగం పోతే నేను తిరిగి వెళ్లాల్సింది మా ఊరికే.

పూజ రోజు అన్నీ తుడిచి గంధం, కుంకుమ పెట్టాం. మొదలాళి తల్లి చెంగమ్మ అవ్వ ప్రతి బల్ల దగ్గరా నిలబడి చూసుకుంది. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పనిముట్లలో ఒక్కొక్కటి తీసి, మేడ మీద అమ్మవారి పటం ముందు పళ్లెంలో పెడతారు. మర్నాటి తొలి బిల్లు అమ్మవారి పాదాల దగ్గర పెట్టేదాకా ఆ పళ్లెంలోంచి ఏదీ కదలకూడదు. బంతిపూలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేనూ పళ్లెం చూశాను. తూకపు రాయి, గోనెలు కుట్టే దబ్బనం, కత్తెర, ఒక కలం. వాటి పక్కన మెరిసే చిన్న మూత ఒకటి. అత్తరు సీసాదేమో అనుకున్నాను.

విజయదశమి పొద్దున రంగసామి గారు వచ్చి కూర్చున్నారు. గుమ్మిడిపూండిలో ఆయనకు చిల్లర కొట్టు ఉంది. ఏటా తొలి బిల్లు ఆయనకే. జయంతి స్విచ్ వేసింది. తెర మీద ఒక్కో చుక్కా పడుతూ పోయింది. జవాబు లేదు. నాదీ అంతే. అన్నీ అంతే.

“రాహుకాలం వచ్చేలోగా కొట్టేస్తారు కదప్పా?” అన్నారు రంగసామి గారు.

“కొట్టేస్తారు, కొట్టేస్తారు. మా తలకాయలు,” అన్నారు మొదలాళి.

దీపక్ సార్ సర్వర్ గదిలోంచి కేబుల్ పట్టుకుని చూసుకుంటూ నా బల్ల దాకా వచ్చి, గోడ పక్కకు వంగారు. లేచి వెళ్లి, సర్వర్ వైపు చివర ఉన్న మూతను విప్పి తెచ్చి చూపించారు.

“కేబుల్‌కి రెండు కొసల్లోనూ ఇట్టాంటిది ఉండాల సార్. లేకుంటే మాటలు కొసదాకా పోయి, తగిలి, వెనక్కి వస్తాయి. అన్నీ కలిసిపోయి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఈ కొసలో ఉండేదాన్ని ఎవరో తీసేసినారు.”

“ఇంకోటి కొనుక్కురా.”

“ఇవి దొరికే రిచీ స్ట్రీట్‌లో పండగ రోజు ఒక్క షాపూ తెరవరే.”

“ఏ తల మాసినోడు పీకినాడో వాణ్ణి ముందు నా ఎదురుగా నిలబెట్టండి,” అన్నారు మొదలాళి.

అందరూ బల్లల కింద వెతుకుతున్నారు. నేను దీపక్ సార్ చేతిలోని మూతనే చూస్తున్నాను. అత్తరు సీసాది కాదు అది. పీకింది ఎవరో నాకు అర్థమైంది. అంతమందిలో, మొదలాళి అప్పుడే అన్న ఆ మాట తర్వాత, ఎలా చెప్పేది? మెల్లిగా మెట్లెక్కాను.

చెంగమ్మ అవ్వ పటం ముందు వత్తులు చేసుకుంటోంది.

“బిల్లు తెచ్చినావా మే?”

“లేదవ్వా.” పళ్లెం వైపు చూపించాను.

“నోరు ఉందిగా, చెప్పు.”

“ఆ మూత... కిందది, అవ్వా. అది లేకుంటే బిల్లు రాదంట.”

“బిల్లు రాకుంటే అది ఈడనుంచి కదలదు.” అవ్వ వత్తి చేయడం ఆపింది. “అయినా నీ బల్ల పక్కన ఊరికే వేలాడతా ఉండింది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. మూతే అయితే తీసుకుపో, మూతకి పూజేంది. ఆయుధమైతే మటుకు కుదర్దు. ఏంది అది, నిజం చెప్పు.”

మూతే అంటే సరిపోయేది. కుంకుమ పెట్టిన దాని వైపు చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

“ఆయుధమే అవ్వా. అది ఏ పనీ చెయ్యదు. చివర కూర్చుంటుంది. అది కూర్చుంటేనే మిగతావాటి మాటలు ఒకదానికొకటి వినపడతాయి.”

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. “అయితే అదీ నా మాదిరిదే,” అని నవ్వి, మోకాలు పట్టుకుని లేచింది. “అమ్మవారి ముందునుంచి కదలకూడదు, అంతే కదా. అమ్మవారే ఆడికి వస్తుంది. పటం ఎత్తు. జాగ్రత్త, పూలు రాలిపోతాయి.”

నేను పటం, అవ్వ పళ్లెం. మేం మెట్లు దిగుతుంటే రంగసామి గారు లేచి చేతులు జోడించారు.

“ఏందమ్మా ఇది?” అన్నారు మొదలాళి.

“ఆ తల మాసినోడు నేనేలేరా. కేకలు పైదాకా వినపడినాయి. పీట వెయ్యి.”

మొదలాళి తలొంచుకుని తన చేత్తోనే నా బల్ల మీద పీట వేశారు. పటం దాని మీద పెట్టాం. దీపక్ సార్ మూత లోపల ఎండిపోయిన గంధాన్ని అగ్గిపుల్లకు దూది చుట్టి తుడిచారు. బయటి కుంకుమ తుడవబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. “లోపల నీ ఇష్టం. బయట నాది.”

మూత బిగించి, రెండోది బిగించడానికి ఆయన సర్వర్ గదికి వెళ్లారు. నా కంప్యూటర్ స్విచ్ వేయమన్నారు. అక్కడినుంచి నా తెర కనపడదు. వీధిలో చేబండ్లు, కొట్టులో హమాలీలు, నాలుగు వైపులా గోల.

“ఆ కొసలో ఏమైనా వచ్చిందా?” దూరంగా ఆయన గొంతు.

చుక్కలు పడ్డాయి. ఆగాయి. తెర తెల్లబడి బిల్లు తెరుచుకుంది.

“వచ్చింది,” అన్నాను. అది జయంతికి కూడా వినపడలేదు. అవ్వ పటం పక్కనుంచి నన్నే చూస్తోంది.

“వచ్చింది సార్. బిల్లు వచ్చింది.”

హమాలీలు తిరిగి చూశారు. “నీకు గొంతు ఉందా మే,” అంది జయంతి.

పసుపు బస్తాల బిల్లు కొట్టాను. ప్రింటర్ గరగరలాడుతూ కాగితం ఇచ్చింది. అవ్వ దాన్ని పటం ముందు పెట్టి కర్పూరం వెలిగించింది. ఆ తర్వాత తూకపు రాయి, దబ్బనం, కత్తెర, కలం వాటి వాటి చోట్లకు పోయాయి. మూత ఉన్నచోటే ఉంది.

సాయంత్రం బయల్దేరుతుంటే మొదలాళి పిలిచారు.

“కాటయ్య మేనకోడలా, రేపటినుంచి ఫోను నువ్వే ఎత్తు. ఆ గొంతు చాలు.”

ఉద్యోగం నిలిచిందన్న సంతోషం వీధిలోకి వచ్చేదాకా కూడా మిగల్లేదు. ఫోను మోగితే ఎత్తాలంటేనే నాకు భయం. బీచ్ స్టేషన్‌లో రైలెక్కి తలుపు పక్కన నిలబడ్డాను. రైలు చప్పుడు చేస్తున్నప్పుడు “హలో” అన్నాను. ఎవరూ చూడలేదు. రాయపురం దాటాక ఇంకొంచెం గట్టిగా అన్నాను.