ఎనిమిది వందల నంబరు కాగితం

రోజూ పొద్దున షాపు తెరవబోయే ముందు అతను భార్య ఛాతీ మీది కిటికీ తుడిచేవాడు. పెద్ద జ్వరం తగ్గాక ఎడమవైపు అరచేతి మేర ఆమె చర్మం గాజులా తేటైన ప్లాస్టిక్‌గా మారింది. లోపల గుండె కనిపించేది. వీధిలోవాళ్లు "ఎలా ఉందమ్మా గుండె?" అంటూ తొంగిచూసి, కూరలు కొనుక్కోవడానికి వెళ్లిపోయేవాళ్లు.

అతనిది కార్ల హెడ్‌లైట్ల మీద గీతలు పోగొట్టే పని. ఆ షాపు గుడ్డతోనే ఆ కిటికీని ఎంత ప్రేమగా తుడిచాడో! గుడ్డ నిండా రాపిడి పొడి ఉంటుందని మాత్రం తట్టలేదు. ఏడాది తిరిగేసరికి కిటికీ అంతా గీతలే. గుండె పొగమంచులో దీపంలా అయిపోయింది.

ఇప్పుడా గుండె ఎక్కడో కారుతోంది. ఆమె పెదవులు నీలంగా మారాయి.

"ఎక్కడ కారుతోందో కనబడకుండా కుట్టు వెయ్యలేను," అన్నాడు డాక్టరు. "సాయంత్రం వస్తాను. అప్పటికి గీత ఉండకూడదు. రేపటిదాకా ఈ గుండె నిలవదు."

అతను హెడ్‌లైట్లని తడిపి రుద్దే గరుకు కాగితం, రెండు వేల నంబరు వాటర్ పేపరు తీశాడు. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. నీళ్లు చల్లుతూ, పసిపాప నుదురు నిమిరినట్టు రుద్దాడు. మధ్యాహ్నమైంది. గీతలు పోలేదు సరికదా, తళతళా మెరుస్తున్నాయి.

"గీతలకి నగలు పెడుతున్నావా మరిదీ?" అంది నీళ్ల గిన్నె పట్టుకున్న భార్య అక్క. నవ్వబోయి ఏడ్చేసింది.

"గరుకుది వాడితే చిల్లు పడుతుందేమో వదినా! అసలే పలచగా ఉంది."

భార్య కళ్లు మూసుకునే అడిగింది. "హెడ్‌లైటుకైతే ఏం వాడతావు?"

"ఎనిమిది వందలు."

"అయితే నన్నూ హెడ్‌లైటే అనుకో."

"నువ్వు హెడ్‌లైటువి కాదే!"

"అలా అనుకునే పాడు చేస్తున్నావు."

ఎనిమిది వందల కాగితం పెట్టి ఒక్క లాగు లాగాడు. కిటికీ పాలు పోసినట్టు తెల్లబడింది. గుండె మాయమైంది. వదిన చేతిలో గిన్నె జారిపోయింది. అతని చెయ్యి మాత్రం ఆగలేదు. పాత గీత ఒక్కటీ మిగలకుండా రుద్దాడు. తర్వాత పన్నెండు వందలు, అడ్డంగా. రెండు వేలు, నిలువుగా. ఆపైన మూడు వేలు. మార్చిన ప్రతిసారీ కొత్త నీళ్లు, కొత్త గుడ్డ. గోటితో తడితే ఉల్లిపొర మీద తట్టినట్టుంది. దేవుడా, దేవుడా అనుకుంటూ చివర్న పాలిష్ పేస్టు పట్టించాడు.

డాక్టరు మెట్లెక్కుతుండగా తెలుపు విడిపోయింది.

ఏడాదిగా మసకలో మగ్గిన గుండెకి మొదట కనిపించింది అతని మొహమే. గబగబా కొట్టుకుంది.

"కదలకమ్మా," అన్నాడు డాక్టరు.

"నేను కదల్లేదండీ," అందామె సిగ్గుపడుతూ.

ఆ పరుగుకే గుండె కింది అంచున ఎర్రటి చుక్కొకటి ఉబికింది. ఇన్నాళ్లూ నీరసంగా కొట్టుకుంటుంటే అది బయటపడనేలేదు.

"దొరికింది," అంటూ డాక్టరు చొక్కా చేతులు మడిచి సూది తీశాడు. "నువ్వు అక్కడే నిలబడు బాబూ. అది నిన్నే చూస్తోంది."

ఆఖరి ముడి పడేదాకా అతను అక్కణ్ణించి కదల్లేదు.